బాగుంది గానీ...

కొత్తగా పచ్చళ్ల వ్యాపారం పెట్టినవాళ్లు నా దగ్గరికొస్తే ముందు చెప్పే మాట ఒకటే. ఎవరికి రుచి చూపించినా "నచ్చిందా?" అని మాత్రం అడక్కండి. వాళ్లు తెల్లబోతారు. నచ్చిందో లేదో తెలుసుకుందామనే కదండీ ఈ తతంగమంతా అంటారు. రుచి పరీక్షల మీద ఒకటీ అరా పుస్తకం చదివినవాళ్లయితే వాదనకే దిగుతారు, ఎందుకంటే ఆ పుస్తకాల్లో మొదటి ప్రశ్న అదే. నేను మాత్రం మాట మార్చను. చిన్న తయారీదార్లకీ, డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకీ ఆవకాయ, మాగాయ, గోంగూర రుచి పరీక్షలు పెట్టిపెట్టడం నా పని. పుస్తకంలో ఉన్నట్టు చేసి సరుకు మిగుల్చుకున్నవాళ్లని చూశాక రాస్తున్న సలహాలివి. చాలావరకు పుస్తకానికి ఎదురు తిరిగేవే. తలకిందులుగా ఉన్నాయని మీకనిపిస్తే అనిపించనివ్వండి. ఈ ఏటి కాయకి ఒక్కసారి చేసి చూడండి.

నచ్చిందా అని అడిగే పద్ధతికి ఒక కొలబద్ద ఉంది. దానికి తొమ్మిది మెట్లు. అస్సలు నచ్చకపోతే 1, అమితంగా నచ్చితే 9, ఎటూ కాకపోతే 5. 1940ల చివర్లో అమెరికా సైన్యానికి తిండి సమకూర్చే విభాగంలో డేవిడ్ పెరియమ్, ఆయనతో పనిచేసినవాళ్లు తయారుచేశారు. ఈనాటికీ ప్రపంచమంతా వాడుతోంది. సిపాయికి అది సరిపోయింది. కూర వండినవాడెవడో అతనికి తెలియదు, వాడి మొహం చూడక్కర్లేదు, నచ్చకపోతే 2 వేసి లేచిపోతాడు.

మన దగ్గర వడ్డించిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది. పొద్దున్నుంచి ముక్కలు తుడిచి, జీడి తీసి, ఆవాలు ఎండబెట్టి దంచిన మనిషి. ఆవిడ చూస్తుండగా 4 వెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? గుంటూరు జిల్లాలో ఒక సంఘం వాళ్లు నేను వెళ్లకముందే ఊళ్లో నలభై ఇళ్లకి తిప్పి కాగితాలు నింపించుకున్నారు. కట్ట విప్పితే అన్నీ 8లూ 9లే. ఆ ఏడు దసరాకి కూడా సీసాలు షెల్ఫు మీదే ఉన్నాయి. ఆ నలభై ఇళ్లవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇంటికొచ్చిన ఆడపడుచుని నొప్పించకూడదనుకున్నారు, అంతే. వాళ్లు మార్కులేసింది ఆ మనిషికి. ఆవకాయకి కాదు.

కాబట్టి మార్కులు అడక్కండి. కొరత అడగండి.

మన వాళ్ల మాట తీరు గమనించండి. తిన్నాక "బాగుంది" అంటారు. కాస్త ఆగుతారు. తర్వాత "గానీ..." అంటారు. ఆ గానీ కోసమే మీరు వచ్చారు. బాగుంది అన్నంతవరకూ పెన్ను ముట్టుకోవద్దు. గానీ అన్న దగ్గర్నుంచి రాసుకోండి. గానీ రాకపోతే మీరే అందివ్వండి. మొన్న మా వీధిలో ఒకావిడకి ఒక సంఘం వాళ్ల కొత్తావకాయ పెట్టి ఊరుకున్నాను. "బాగుందమ్మా" అంది. "మీ ఇంట్లో పెట్టినదానికీ దీనికీ ఏం తేడా పిన్నీ?" అన్నాను. వేలు నాకి, కళ్లు మూసుకుని, "తేడా ఏముంది... కారం సరిపోయింది. ఆవ మాత్రం ముక్కుకి తగల్లేదే!" అంది. తొమ్మిది మెట్ల మీద అదే ఆవిడ కచ్చితంగా 8 వేసి ఉండేది.

ఆ ఒక్క వాక్యంలో ఎంతుందో చూడండి. ఆవిడ మనసులో ఒక ఆవకాయ ఉంది. అందులో ఆవ ఎంత ఉండాలో ఆవిడకి తెలుసు. మీ ఆవకాయని దాని పక్కన పెట్టి చూసింది, తేడా ఎటువైపు ఉందో చెప్పింది. పైగా కారాన్నీ ఆవ ఘాటునీ విడదీసి చెప్పింది. మిరప కారం క్యాప్సైసిన్ వల్ల, అది నోట్లో మండుతుంది, మండుతూనే ఉంటుంది. ఆవ ఘాటు వేరే పదార్థం. గింజ నలిగి తడి తగిలినప్పుడు పుట్టి, ఆవిరై, నేరుగా ముక్కుకి ఎక్కి, క్షణంలో దిగిపోతుంది. పిండి కొట్టి రోజులు గడిస్తే ఆ గుణం పోతుంది. కొట్టిన పిండి ఎప్పటిదని ఆ సంఘం వాళ్లని అడిగితే నెల కిందటిదన్నారు. మందు దొరికింది.

కొరతని లెక్కలోకి తేవాలంటే అయిదు గళ్లు చాలు. మరీ తక్కువ, కొంచెం తక్కువ, సరిగ్గా ఉంది, కొంచెం ఎక్కువ, మరీ ఎక్కువ. ఉప్పుకి ఒక వరస, కారానికి ఒకటి, పులుపుకి, ఆవకి, నూనెకి, ముక్క గట్టిదనానికి ఒక్కోటి. దీన్ని నేను కనిపెట్టలేదు, పెద్ద కంపెనీలన్నీ వాడతాయి. వాళ్లు దీని పక్కన నచ్చుబాటు మార్కు కూడా తీసుకుని ఒక లెక్క కడతారు. ఉదాహరణకి వందమంది తిన్నారనుకుందాం. ఉప్పు సరిగ్గా ఉందన్న అరవై మంది సగటున 7 వేశారు, ఎక్కువైందన్న ముప్ఫై మంది 5 వేశారు. అంటే ఎక్కువ ఉప్పు వల్ల మీకు పడ్డ జరిమానా రెండు మార్కులు. ఒక పక్కకి నూటికి ఇరవై మందైనా చేరితేనే ఆ కొరతని పట్టించుకోవాలని వాళ్ల వాడుక.

ఇక్కడ మీకు అడ్డం సలహా ఇస్తున్నాను. వందమంది వద్దు. పన్నెండు మందిని పిలవండి. ఏడాది పొడుగునా రెండుపూటలా ఆవకాయ తినే పన్నెండు మంది. అందులో సగం మంది ఎవరు ఏం పెట్టినా వంక పెట్టేవాళ్లయి ఉండాలి. ప్రతి వీధిలోనూ అలాంటి ఒక అత్తయ్యగారు ఉంటారు, ఆవిణ్ణి పిలవడానికి జనం జంకుతారు. ఆవిణ్ణే ముందు పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి. పుస్తకాల ప్రకారం ఇది పెద్ద తప్పు. ఎంపికలోనే పక్షపాతం ఉంది, పన్నెండు మందితో తేలేదేమీ లేదు అంటారు. ఎంతమంది కొంటారో అంచనా వెయ్యడానికైతే నిజమే. నేను వెతికేది జాడీలో జరిగిన తప్పుని. తప్పు కనిపెట్టడం చేతగాని వందమంది కన్నా, ఉప్పు రాయి కొలత తప్పిందని వాసనబట్టి చెప్పగల అత్తయ్యగారు నాకెక్కువ. ఆ పన్నెండు మంది రెండుసార్లు రావాలి, పది రోజుల తేడాతో. రెండోసారి కూడా అదే మాట అంటే అది కొరత. మాట మారితే ఆ పూట ఆకలి.

అనుమానం వచ్చే ఉంటుంది మీకు. అందరి మనసుల్లోనూ ఆదర్శమైన ఆవకాయ ఉన్నప్పుడు, దాన్నే తెచ్చి బల్ల మీద పెట్టి, దీనితో పోల్చండి అంటే సులువు కదా? ఊళ్లో పేరున్న ఇంటి జాడీ ఒకటి తెచ్చి నమూనాగా పెట్టొచ్చు కదా? పెట్టకండి. ఆదర్శాన్ని సీసాలో పెట్టి చూపించడం అన్నిటికంటే చెడ్డ పని. ఇది మా ఇంట్లోనే తెలుసుకున్నాను.

ఒక వేసవిలో మా బాబాయి ముందు మూడు గిన్నెలు పెట్టాను. మూడంకెల గుర్తులు, 417, 682, 935. ఒకటీ రెండూ మూడూ అని రాస్తే ఒకటోదే గొప్పదనుకుంటారు, అందుకని అర్థం లేని అంకెలు వేస్తాం. 682లో ఉన్నది మా పిన్ని పెట్టిన ఆవకాయ, ఆయన ముప్ఫై ఏళ్లుగా తింటున్నది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ప్రతి గిన్నెకీ రెండు ప్రశ్నలు. ఇందులో ఆవ ఎంత ఉంది? మీకు ఎంత ఉండాలి? ఒకే గీత మీద రెండు గుర్తులు పెట్టాలి. 417కి పెట్టారు. 682 దగ్గరకొచ్చేసరికి రెండు గుర్తులకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. "ఇది బజారుదిరా" అన్నారు. "ఇంటి ఆవకాయకి దరిదాపుల్లో లేదు."

పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఏమీ అనలేదు, లోపలికెళ్లి మజ్జిగ తెచ్చి పెట్టింది. తర్వాత నేనే ఉండబట్టలేక చెప్పాను. బాబాయి చాలాసేపు ఆ కాగితం వైపు చూస్తూ కూర్చున్నారు. "ఇల్లంటే..." అని ఆగి, "మా అమ్మ రోట్లో దంచేది. రోలు అరుగు మీద ఉండేది" అన్నారు. మా నాయనమ్మ పోయి అప్పటికి పాతికేళ్లు.

ఆయన ఇంటి ఆవకాయ అన్నప్పుడల్లా మేమంతా పిన్ని జాడీ అనుకున్నాం. పిన్ని కూడా అలాగే అనుకుంది. ఆయన అనుకున్న ఇల్లు వేరు. ఆ ఆవకాయ ఇప్పుడు ఏ జాడీలోనూ లేదు. గీత మీద ఆయన పెట్టిన ఆ రెండో గుర్తులో ఉంది, ఇంకెక్కడా లేదు. మూడు గిన్నెలకీ ఆ రెండో గుర్తు ఇంచుమించు ఒక్క చోటే పడింది. అందుకే నాకు ఆ గుర్తు మీద నమ్మకం కుదిరింది. నేనే గనక పిన్ని జాడీని ఆదర్శమని బల్ల మీద పెట్టి ఉంటే, మొహమాటం కొద్దీ ఆయన ప్రతి గుర్తునీ దాని పక్కకే జరిపేవారు, నాయనమ్మ ఆవకాయ ఊసే తెలిసేది కాదు.

ఈ రెండు ప్రశ్నల పద్ధతికి ఐడియల్ ప్రొఫైల్ పద్ధతి అని పేరుంది. తియెరీ వోర్ష్, ఆయన సహచరులు 2013 ప్రాంతంలో దీని లోతుపాతులు వివరంగా రాశారు. తినేవాళ్లు చెప్పే ఆదర్శాన్ని ఉన్నపాటున నమ్మకూడదు, ముందు అది నిలకడగా ఉందో లేదో, వాళ్లకి నచ్చినవాటితో పొంతన కుదురుతుందో లేదో చూసుకోవాలని వాళ్లు పట్టుబట్టారు. బంగారం లాంటి మాట. గిన్నె మారినప్పుడల్లా రెండో గుర్తు కూడా దాని వెనకే పరుగెడుతుంటే ఆ మనిషికి సొంత ఆదర్శం లేదు. ఎదుట ఏదుంటే దానికి కాస్త అటో ఇటో పెడుతున్నాడు. అలాంటి కాగితాలు నేను పక్కన పెట్టేస్తాను. తీసెయ్యకూడదని చెప్పేవాళ్లున్నారు. తీసెయ్యండి.

ఆ గుర్తులన్నీ కలిపి సగటు తియ్యబోతారు మీరు. ఆగండి. వ్యాపారాలు మునిగేది ఇక్కడే, అందుకని ఈ ఒక్కదాని మీద కాస్త ఎక్కువసేపు చెప్తాను.

గోదావరి జిల్లాల్లో ఆవకాయ అంటే పచ్చి పప్పునూనె. ముక్క, ఆవపిండి, కారం, ఉప్పు, గుప్పెడు మెంతులు, కొందరిళ్లలో శనగలు. వెల్లుల్లి వేసేవాళ్లుంటారు, ముట్టనివాళ్లూ ఉంటారు. కరీంనగర్ వైపు వెళ్లండి. అక్కడ తొక్కు అంటారు. అల్లం ఎల్లిగడ్డ నూరి కలపాల్సిందే, నూనె కాచి పోపు పెట్టి చల్లార్చి పొయ్యాల్సిందే. ఈ రెండు ప్రాంతాలవాళ్లనీ ఒకే పరీక్షకి కూర్చోబెట్టి, వెల్లుల్లి ఎంత ఉండాలి అని పది గీతల మీద అడిగారనుకోండి. వీళ్లు 2 దగ్గర పెట్టారు, వాళ్లు 8 దగ్గర పెట్టారు. సగటు 5. ఆ 5 ప్రకారం పచ్చడి పెడితే ఏమవుతుంది? రాజమండ్రి ఆవిడ సీసా మూత తియ్యగానే మొహం తిప్పుకుంటుంది. కరీంనగర్ ఆవిడ "మంచిగనే ఉంది గని, ఎల్లిగడ్డ ఏది?" అంటుంది. ఆ పచ్చడి ఎవరి మనసులోనూ లేదు. లెక్క మాత్రమే దాన్ని కోరుకుంది.

అయిదు గళ్ల కాగితం ఇంకా మోసం చేస్తుంది. సగం మంది ఎక్కువైంది అంటారు, సగం మంది తక్కువైంది అంటారు. రెండూ కలిపి సగటు తీస్తే నడి గడిలో పడుతుంది, సరిగ్గా ఉంది అని. ఒక్కడికీ సరిపోని పచ్చడికి కాగితం మీద నూటికి నూరు వస్తాయి. పేరు చెప్పను గానీ, ఒక సంస్థవాళ్లు రెండు రాష్ట్రాలకీ ఒకే ఆవకాయ తెద్దామని సరిగ్గా ఇదే చేశారు. నేను అప్పుడు వాళ్ల దగ్గర కాగితాలు కూడేవాళ్లలో ఒకణ్ణి. కూడిక తప్పు లేదు. గట్టిగా చెప్పాల్సిన రోజున గట్టిగా చెప్పలేకపోయాను. ఆ సరుకు కోసం అప్పు తెచ్చి కాయ కొన్న చిన్న సరఫరాదార్లు నాకింకా గుర్తున్నారు.

హోవర్డ్ మాస్కోవిట్జ్ అని అమెరికాలో ఒక పరిశోధకుడు 1980ల్లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీకి టమాటా సాస్ మీద పనిచేశాడు. అందరికీ నచ్చే ఒక్క సాస్ ఏదో కనిపెట్టమంటే, ఆయన 45 రకాలు చేయించి ఊరూరా తినిపించాడు. సగటు తియ్యలేదు. ఎవరెవరు ఎటు గుంపు కట్టారో చూశాడు. మూడు గుంపులు తేలాయి. సాదాగా ఉండాలనేవాళ్లు, మసాలా ఉండాలనేవాళ్లు, ముక్కలు ముక్కలుగా ఉండాలనేవాళ్లు. మూడో గుంపు దాదాపు మూడో వంతు మంది, వాళ్ల కోసం బజార్లో ఒక్క సీసా లేదు. అంతకుముందు ఏళ్ల తరబడి మీకేం కావాలని అడిగినా ముక్కలు కావాలని వాళ్లు నోరు తెరిచి చెప్పలేదు. నోట్లో పడ్డాక తెలిసింది. మన ఆవకాయకి మాస్కోవిట్జ్ అక్కర్లేదు, గుంపులు జిల్లాల పేర్లతో సిద్ధంగా ఉన్నాయి. ఒకే సీసాతో అందరినీ మెప్పించాలన్న ఆశ వదులుకోండి. ఒక గుంపుని ఎంచుకోండి, వాళ్ల 8ని 8గానే ఉంచండి. మిగతావాళ్లు తిడితే తిట్టనివ్వండి.

మనిషి తన ఆదర్శం గురించి చెప్పే ప్రతిదీ నమ్మాలనీ లేదు. ఉప్పు విషయంలో అస్సలు నమ్మకండి. నలభై దాటిన ఎవరినడిగినా ఉప్పు తక్కువుండాలనే గుర్తు పెడతారు. డాక్టరు చెప్పాడు, బీపీ ఉంది, ఇంట్లో పిల్లలు కోప్పడతారు. ఆ గుర్తు నాలుక పెట్టింది కాదు, భయం పెట్టింది. అదే మనిషి రెండో ముద్దకి ఏ గిన్నెలో వేలు పెడుతున్నాడో చూడండి, ఉప్పు నిండుగా ఉన్న గిన్నెలోనే. పైగా ఆవకాయలో ఉప్పు రుచికి మాత్రమే కాదు, కాయని ఏడాది కాపాడేది అదీ ఆ పులుపూ పైన తేలే నూనే. కాగితం మాట విని ఉప్పు తగ్గిస్తే శ్రావణమాసం వానలకి బూజు పట్టిన జాడీ మీ గుమ్మం ముందుకొస్తుంది. ఉప్పు తగ్గాలంటే ముద్దలో పచ్చడి తగ్గించుకోమని చెప్పండి, జాడీలో కాదు.

కొరత నిజమైనప్పుడు కూడా దాని పేరు తప్పు కావచ్చు. ఒక సంఘంలో పన్నెండు మందిలో ఎనిమిది మంది ఉప్పెక్కువ అన్నారు. సంఘం వాళ్లు తక్కెడ తెచ్చి చూపించారు, పోయినేడు వేసినంతే వేశాం, పిసరు కూడా ఎక్కువ లేదని. నిజమే చెప్పారు. కాయ మారింది. ప్రతి ఏడూ కొత్తపల్లి కొబ్బరి కొనేవాళ్లు ఈసారి ధర చూసి వేరే కాయ తెచ్చారు, అందులో పులుపు లేదు. పులుపు తగ్గేసరికి అదే ఉప్పు ఎక్కువై కనిపించింది. ఉప్పు మీద చెయ్యి వేసి ఉంటే చప్పటి, నిలవ ఉండని పచ్చడి మిగిలేది. తినేవాళ్లు నొప్పి ఎక్కడో సరిగ్గానే చెప్తారు. జబ్బు పేరు చెప్పడం వాళ్ల పని కాదు, మీ పని. పులుపు వరసలో గుర్తులు ఎటున్నాయో చూడకుండా ఉప్పు వరస మీద నిర్ణయం తీసుకోవద్దు.

గది సంగతి చెప్తాను. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రుచి గదిలో ఒక్కొక్కరికీ విడి అర ఉండాలి, వాసన రాకూడదు, రంగు తెలియకూడదనుకుంటే ఎర్ర దీపం కూడా వేస్తారు. నోరు శుభ్రం చేసుకోడానికి మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్టు ఇస్తారు. మీరు ఇవేవీ చెయ్యకండి. ఆవకాయని చెంచాతో ఒట్టిగా నాకేవాళ్లు ఈ భూమ్మీద ఎంతమంది? పొగలు కక్కే అన్నం పెట్టండి, నెయ్యి వెయ్యండి, చేత్తో కలుపుకోనివ్వండి. వేడి అన్నంలో కలిపినప్పుడే ఆవ ఘాటు లేస్తుంది, చల్లటి చెంచాలో పడుకునే ఉంటుంది. ఎర్ర దీపం అసలే వద్దు. గుంటూరు మిర్చి కారంలోకి బ్యాడిగో, వరంగల్ చపాటానో కలిపేది దేనికి? రంగు కోసం. రంగు చూడగానే నోరూరడం కూడా రుచిలో భాగమే, దాన్ని దాచేసి అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఒక్క నియమం మాత్రం పుస్తకంలోంచి తెచ్చుకోండి. పక్కవాళ్ల మాట వినపడకూడదు. పెద్దాయన ఒకరు "కారం చాలలేదు" అంటే చాలు, వరసంతా అదే పాట.

పూటకి రెండు గిన్నెలు దాటొద్దు. మూడోది కూడా పెడదామని సరదా పడతారు, నేనూ మా బాబాయికి మూడు పెట్టాను, అది తప్పే. కారం నోట్లో పేరుకుపోతుంది. మొదటి గిన్నె కారం రెండోదానికి, రెండిటిదీ మూడోదానికి అంటుతుంది. 1912లో విల్బర్ స్కోవిల్ మిరప కారం కొలవడానికి సారాన్ని పంచదార నీళ్లలో కలిపి, మంట తెలియకుండా పోయేదాకా పల్చన చేస్తూ మనుషుల చేతే రుచి చూపించాడు. ఆ పద్ధతికి ఉన్న పెద్ద చిక్కు కూడా ఇదే, నాలుక అలిసిపోతుంది. నీళ్లతో మంట పోదు. పెరుగన్నం తినిపించి పావుగంట కబుర్లు చెప్పండి. సగం మందికి మొదటి గిన్నె ముందు, మిగతా సగానికి రెండో గిన్నె ముందు పెట్టండి.

ఇంకో సంగతి, కొంచెం బరువైనది. అమెరికా పంపే సీసాలకి ఈ కొలతలు పనికిరావు. ఇరవై ఏళ్ల కిందట డాలస్ వెళ్లినవాళ్ల మనసులో ఉన్న ఆవకాయ ఆ ఏడుది. అప్పటి కాయ, అప్పటి ఇల్లు. ఇక్కడ మనం మిక్సీకీ ప్యాకెట్టు కారానికీ మారాం, మన ఆదర్శం కూడా మెల్లగా జరిగింది, మనకి తెలియలేదు. వాళ్లది జరగలేదు. విజయవాడలో పన్నెండు మంది భేష్ అన్న సరుకు అక్కడికి పంపితే ఫోన్లో వినిపించేది "బాగుందండీ... గానీ" అనే. వాళ్లకి వేరేగా దంచిన పిండితో పెట్టండి, ధర ఎక్కువ చెప్పండి. ఇస్తారు.

కొరత అడక్కపోతే పెద్దవాళ్లకైనా దెబ్బే. కోకాకోలా కంపెనీ 1985లో కొత్త రుచి తెచ్చేముందు దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించింది. గుటకల పరీక్షలో కొత్తదే గెలిచింది. ఏప్రిల్ 23న ప్రకటించారు, జనం గోల తట్టుకోలేక జులై 11న పాతదాన్ని మళ్లీ తెస్తున్నామని చెప్పాల్సి వచ్చింది. రెండు లక్షల మంది నాలుకని అడిగారు. పాతది తీసేస్తే మీకేం కొరత అని ఆ లెక్కలో గట్టిగా అడగలేదు.

కొరత తెలిశాక సరిచేసి ఊరుకోవద్దు. సరిచేసినదాన్నీ, పాతదాన్నీ మళ్లీ గుర్తులు మార్చి, ఆ పన్నెండు మందికే పెట్టండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. కాగితం మీద ఆదర్శానికి దగ్గరైంది కదా అని సీసాలకెత్తుతారు. ఆవ పెంచితే కాస్త చేదు వస్తుంది, దాని కోసం ఉప్పు పెంచితే పులుపు అణుగుతుంది. ఒక వరసలో గుర్తు దగ్గరికి జరిగితే ఇంకో వరసలో దూరం జరగొచ్చు. కాబట్టి ఒక విడతలో ఒక్కటే మార్చండి.

ఇక తేదీలు. కలిపిన మూడో రోజున తిరగకలిపి రుచి చూస్తాం కదా, ఆ రోజు మనుషుల్ని పిలవకండి. ముక్క ఇంకా ఊరలేదు, కారం పచ్చివాసన వేస్తుంది, అందరూ అన్నిటికీ వంకలు పెడతారు. నెల గడవనివ్వండి. తర్వాత సంక్రాంతికి అదే జాడీలోంచి మళ్లీ పెట్టండి. ముక్క మెత్తబడిందా, నూనె కనుమరుగైందా, ఆవ నిలిచిందా అన్నది అప్పుడు తెలుస్తుంది. కొన్నవాళ్లు ఎక్కువ నెలలు తినేది ఆ ఆవకాయనే. కాయ దిగేలోపు కాగితాలు అచ్చు వేయించుకోండి. ఉప్పు, కారం, పులుపు, ఆవ, నూనె, ముక్క, ఆరు గీతలు, ఒక్కోదాని మీద రెండు గుర్తులకి చోటు. అడుగున పెద్దక్షరాలతో "గానీ" అని వేసి, కింద నాలుగు వరసలు ఖాళీగా వదలండి. మార్కుల గడి పెట్టొద్దు.